జ్ఞానాంబ వక్కపొడి

సాయంత్రం పూట ల్యాబులో అలికిడి సద్దుమణిగాక, ఏకాంబరం అటూ ఇటూ ఒకసారి చూసుకుని, గాజు డెసికేటరు మూత పక్కకు జరిపి అందులోంచి ఒక పాలపొడి డబ్బా తీసేవాడు. దాని మూత కొంచెం లేపి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని ఊపిరి ఒకసారి లోపలికి లాగి, మళ్లీ గబగబా మూసి ఉన్నచోటే పెట్టేసేవాడు. నలభై ఆరేళ్ల మనిషి, కాలేజీలో క్లాసు నిండా పిల్లలకు కెమిస్ట్రీ చెప్పే లెక్చరరు, ఇలా దొంగతనంగా డబ్బా వాసన చూస్తాడని తెలిస్తే లోకం నవ్వదూ? నవ్వుతుంది. అందుకే ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి మాత్రం ఎవరున్నారు గనక!

డబ్బాలో ఉన్నది వక్కపొడి. ఆయన భార్య జ్ఞానాంబ దంచిన ఆఖరి వక్కపొడి.

జ్ఞానాంబ పుట్టిల్లు చిత్తూరు. వాళ్ల నాయనకు బజారువీధిలో దినుసుల అంగడి ఉండేది. లవంగం ముక్కు చూసి అది పాతదో కొత్తదో చెప్పగలిగిన ఇల్లు అది. వక్కలు నేతిలో దోరగా వేయించి, సోంపు, లవంగం, యాలకులు వేసి రోట్లో దంచి, చివరన పచ్చకర్పూరం చిటికెడు నలిపి కలిపేదావిడ. ఏకాంబరానికి దవడ పన్ను ఒకటి ఎప్పుడూ సలుపుతూ ఉండేది, ముతక వక్క కొరకలేడు. అందుకని దంచిందాన్ని పలుచటి పంచెగుడ్డలో జల్లించి, మిగిలిన పలుకుల్ని మళ్లీ రోట్లో పోసి, మళ్లీ దంచి, మళ్లీ జల్లించేది. ఆ దంచే చప్పుడు వింటూ ఆయన ముందుగదిలో లాగరిథం పట్టికలు తిరగేసేవాడు. చప్పుడు ఎక్కువైతే విసుక్కునేవాడు కూడా.

పోయిన కార్తీకంలో జ్వరమని పడుకుని ఆమె మళ్లీ లేవలేదు. పిల్లలు లేరు. కర్మలు కాగానే బంధువులు ఎవరి ఊరికి వాళ్లు వెళ్లారు. తిరుపతి కొర్లగుంటలో అద్దె ఇంట్లో ఆయనా, విడవకుండా పట్టిన ముసురూ మిగిలారు. వంటింటి కప్పు కారింది. అలమరలో చీమలు పట్టాయి. వక్కపొడి డబ్బా చేత పట్టుకుని ఇల్లంతా తిరిగాడు, పిల్లిపిల్లను తిప్పే తల్లిలా. ఎక్కడ పెట్టినా చెమ్మే. అప్పుడు తట్టింది యూనివర్సిటీ ల్యాబులోని డెసికేటరు. అదొక మందపాటి గాజు జాడీ. అడుగున తేమ పీల్చే మందు ఉంటుంది, మూత అంచుకు గ్రీజు పూస్తారు. చీమ దూరదు, గాలి దూరదు. తిరుపతి మొత్తంలో అంతకంటే భద్రమైన చోటు లేదని ఆయన నమ్మకం. లోపల గాజు గిన్నెలో ఆయన బొగ్గు ఉంది, దాని పక్కన డబ్బాకు చోటుంది. పెట్టేసి, హమ్మయ్య అనుకున్నాడు.

ఇక ఆ బొగ్గు సంగతి చెప్పాలి. అది లేకుంటే ఈ కథే లేదు.

ఆయన ఈడు మగవాళ్లు బిడ్డలకు సంబంధాలు చూసుకుంటూ, ఇళ్లకు పునాదులు తీసుకుంటూ ఉంటే, ఏకాంబరం యూనివర్సిటీలో ప్రొఫెసర్ కృష్ణమూర్తి గారి దగ్గర పీహెచ్‌డీ చేస్తున్నాడు. కాలేజీలో పాఠం అయిపోగానే సైకిలు తొక్కుకుంటూ ల్యాబుకు పోవడం, బొగ్గుతో కుస్తీ పట్టడం. విషయం చిన్నదేమీ కాదు. బతుకు మీద విసుగుపుట్టి ఎవరైనా మందుబిళ్లలు మింగితే, ఆస్పత్రిలో బొగ్గుపొడి నీళ్లలో కలిపి తాగిస్తారు. ఆ బొగ్గు మామూలు పొయ్యిబొగ్గు కాదు, రసాయనం వేసి కాల్చి, ఒళ్లంతా కంటికి కనపడని బొక్కలు పడేట్టు చేసింది. కడుపులో ఉన్న మందును అది తన బొక్కల్లోకి పీల్చుకుంటుంది. ఒకే మందయితే ఎంత బొగ్గు కావాలో లెక్కలున్నాయి. కానీ చావాలనుకున్న మనిషి ఒకే రకం చూసుకుని మింగుతాడా? చేతికందిన నిద్రమాత్రలు, తలనొప్పి మాత్రలు అన్నీ కలిపి మింగుతాడు. అప్పుడు బొగ్గు దేన్ని ఎంత పట్టుకుంటుంది? విడివిడిగా రెండింటి లెక్కా తెలిస్తే, కలిపినప్పుడు ఏమవుతుందో ముందే చెప్పగల సమీకరణం ఒకటి కట్టాలి. అదీ ఆయన పని.

కృష్ణమూర్తి గారు దీన్ని చిత్తూరు బస్సుతో పోల్చి చెప్పేవారు. "సీట్లు ఇన్నేనయ్యా ఏకాంబరం. తలనొప్పి మందు ఒక్కటే ఎక్కితే కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. నిద్రమందు ఉందే, అది కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టే రకం. రెండూ ఒకేసారి ఎక్కినప్పుడు ఎవరు కూర్చుంటారు, ఎవరు నిలబడతారు, అది చెప్పు నాకు, చాలు."

బస్సు, అంటే ఆ బొగ్గు, ఏకాంబరం స్వయంగా చేసుకున్నదే. కొబ్బరిచిప్పలకు తిరుపతిలో కరువా? గోనెసంచుల్లో తెచ్చి పెరట్లో పోస్తే, జ్ఞానాంబ పీచు గీకి ముక్కలు కొట్టింది. కాల్చిన తర్వాత ఆ రసాయనం పోయేదాకా నీళ్లు మార్చి మార్చి కడిగింది కూడా ఆమే. మోచేతుల దాకా నల్లగా చేసుకుని, "మీరు పెండ్లి చేసుకునింది నన్నా, ఈ బొగ్గునా? దాని మింద ఉండే ఆశలో పావు వంతు నా మింద ఉండుంటే నా బతుకు బంగారమయ్యుండును గదా!" అని ఎకసెక్కాలాడేది. ఆయన నవ్వేవాడు గానీ, సాయంత్రం బజారుకు రమ్మంటే మాత్రం రీడింగు తీయాలని వెళ్లిపోయేవాడు. ఒక్కోసారి కాల్చిన బొగ్గు ఒక్కో గుణం చూపిస్తుంది గనుక పరీక్షలన్నీ ఆ ఒక్క విడత బొగ్గుతోనే చేయాలి. అది పోతే పనంతా మొదటికి వచ్చినట్టే.

సెలవురోజుల్లో ఆయన అన్నం మాట మరిచిపోతే ఆమే క్యారియరు పట్టుకుని ల్యాబుకు వచ్చేది. ఆయన తిన్నాక ఇంత వక్కపొడి ఆయన చేతిలో పెట్టి, గుమ్మం దగ్గర నేల కడుగుతున్న తాయమ్మను పిలిచి ఆమె చేతిలోనూ ఇంత పెట్టేది. తాయమ్మ ల్యాబులు ఊడ్చే మనిషి. ఆ వక్కపొడి కోసమే సెలవురోజు కూడా తమ ల్యాబే ముందుగా ఊడుస్తుందని కృష్ణమూర్తి గారు నవ్వేవారు.

జ్ఞానాంబ ఉన్నప్పుడే విడివిడి మందుల పరీక్షలు అయిపోయాయి. చుక్కలన్నీ గీత మీద ముత్యాల్లా కూర్చున్నాయి. ఆమె పోయాక మొదలైంది కలిపి చేసే పరీక్ష. అక్కడే వచ్చింది చిక్కు. సమీకరణం చెప్పినదానికీ బొగ్గు పట్టుకున్నదానికీ పొత్తు కుదరలేదు. రెండు మందుల్లో ఏదీ అనుకున్నంత పట్టలేదు. గ్రాఫు కాగితం మీద చుక్కలు ఎప్పుడు పెట్టినా గీతకు కిందనే పడేవి. ఏకాంబరం సమీకరణాన్ని తప్పుపట్టాడు. దానికొక తోక తగిలించాడు, ఆ తోకకు ఇంకో తోక తగిలించాడు. ఆ యేడు వేసవి సెలవులన్నీ అలాగే పోయాయి. ఇంటికి పోతే ఏముంది? తాళం తీయడం, దీపం వేయడం, పొద్దున తెచ్చుకున్న హోటలు ఇడ్లీలు మింగడం. మాట్లాడి ఎన్నాళ్లయిందోనని ఒక్కోరోజు గట్టిగా దగ్గి తన గొంతు తానే వినేవాడు పాపం.

దానికి తోడు ఇంకో దిగులు పట్టుకుంది. డబ్బాలో వాసన తగ్గుతూ వచ్చింది. మొదట్లో మూత లేపితే చాలు, జ్ఞానాంబ వంటింట్లోంచి నడిచి వచ్చినట్టే ఉండేది. ఎండలు ముదిరేసరికి ముక్కు డబ్బాలో దూర్చాల్సి వచ్చింది. వానలకు ఉత్త వక్కచెక్క వాసన తప్ప ఏమీ మిగల్లేదు. ముందు తన ముక్కునే అనుమానించాడు, జలుబేమో అనుకున్నాడు. ఆ తర్వాత తన మనసునే అనుమానించాడు. ఏడాది తిరక్కుండానే మనిషిని మరిచిపోతున్నానా అని ఆ రోజు ల్యాబు మెట్ల మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. ఆయనకు ఎవరూ తోడు లేరన్న మాట నిజంగా తగిలింది ఆనాడే.

ఇలా ఉండగా కృష్ణమూర్తి గారు పిలిపించారు. "ఏమయ్యా, డిసెంబరు ఆఖరుకు నేను రిటైరవుతున్నాను. ఆ మర్నాడే మద్రాసు వెళ్లిపోతాను. ఈ సబ్జెక్టు తెలిసినవాడు ఈ డిపార్ట్‌మెంటులో ఇంకొకడు లేడు. అప్పటికి తేలకపోతే నీ ఇన్నేళ్ల చాకిరీ గంగలో కలిసినట్టే. ఒక పని చెయ్యి. కలిపిన మందులు వదిలెయ్. తలనొప్పి మందు ఒక్కదాన్నే మళ్లీ చేసి చూడు."

చేశాడు. ఒక్క మందే, అదే బొగ్గు, అదే సీసా. రెండేళ్ల కిందట గీత మీద కూర్చున్న చుక్క ఇప్పుడు గీత కింద పడింది. సమీకరణం తప్పేమీ లేదన్నమాట, బొగ్గే మారిపోయింది. చెమ్మ పట్టిందేమోనని ఓవెన్‌లో ఆరబెట్టి చూశాడు, వీసమెత్తు మార్పు లేదు. ఇద్దరూ తల పట్టుకున్నారు. తాళం వేసిన ఇంట్లోకి దొంగ ఎలా వచ్చాడో ఎవరికి అంతుపట్టింది?

అంతలో కార్తీకం వచ్చింది. జ్ఞానాంబ సంవత్సరీకం. ఆమె అక్క మునిరత్నమ్మ చిత్తూరు నుంచి కబురు చేసింది. "నీ ఇంట్లో పొయ్యి రాజేసే దిక్కు లేదు, ఈడికే వచ్చెయ్ మరిదీ, అన్నీ నేను సూసుకుంటా" అని. వెళ్లాడు. తర్పణాలు అయ్యాయి, భోజనాలు అయ్యాయి. ముసలివాళ్లు అరుగు మీద ఒరిగారు. మునిరత్నమ్మ లోపలి నుంచి చిన్న డబ్బా తెచ్చి ఆయన ముందర మూత తీసింది.

ఏకాంబరం ముందుకు వంగాడు. అదే వాసన. ఏమాత్రం తగ్గకుండా, నిన్ననే దంచినట్టు.

"ఇది... ఎప్పటిది వదినా?"

"ఎప్పటిదేంది, దాని సేతిదే. ఆఖర్న నేను మీ ఇంటికి వచ్చినప్పుడు దంచినపొద్దే నాకింత కట్టిచ్చింది. నీకూ అదే గదా! ఇంద, ఏసుకో. కడాకు ఇదే. ఈపొద్దు దాని పేరు సెప్పి తలా ఇంత ఏసుకుంటే అయిపోయ."

అందరి చేతుల్లో తలా చిటికెడు పడింది. డబ్బా బోర్లించి అడుగున తట్టింది మునిరత్నమ్మ, ఆ రాలిందాన్ని కూడా ఆయన అరచేతిలోనే వేసింది.

"ఇట్లాంటిది మీరు దంచలేరా వదినా?" అన్నాడు ఏకాంబరం.

"దంచలేదనుకున్నావా? రెండు తూర్లు దంచినా. అవే దినుసులు, అదే అంగడి. రాలా! ఒకే నాయన అంగట్లో పెరిగినోళ్లమే ఇద్దరమూ. ఏది ఎంత ఏస్తావే అంటే, 'సేతికి తెలుస్తుందక్కా' అనేది. ఆ సెయ్యి పాయె, ఇంగెవుర్ని అడిగేది?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తిరుగు ప్రయాణంలో ఆయనకు ఒకటే ఆలోచన. వదిన డబ్బా వంటింట్లో పొగలో, చెమ్మలో, రోజూ మూత తీస్తూ పెడుతూ ఉన్నది. తనదేమో గాలి చొరని గాజు జాడీలో దాచింది. ఒకే రోజు దంచిన పొడి. వదిన డబ్బాలో నిలిచిన వాసన తన డబ్బాలో ఎందుకు నిలవలేదు?

చిత్తూరు బస్టాండులో బస్సెక్కితే కిటికీ పక్కన ఒక సీటు ఖాళీగా కనపడింది. కూర్చోబోయాడు. పక్కనున్న పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆడ మనిషుండాడప్పా. తువ్వాల కనపళ్లేదా?"

"ఎవరూ లేరు కదయ్యా?"

"లేకేమి, కాపీ తాగేదానికి దిగినాడు. సీటు ఆయప్పదే."

ఏకాంబరం కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. బస్సు కదిలింది, తువ్వాలు మనిషి వచ్చి కూర్చున్నాడు, కాణిపాకం మలుపు దాటింది, పాకాల దాటింది. ఆ సీటు వైపే చూస్తున్న ఏకాంబరానికి చంద్రగిరి కోట కనపడే వేళకు సంగతి అర్థమైంది. తన బొగ్గు మీద సీట్లు ఖాళీగా లేవు. రెండు మందులూ ఎక్కేసరికే ఎవరో తువ్వాళ్లు వేసి ఉన్నారు. ఆ డెసికేటర్లో, మూతలేని గాజు గిన్నెలో బొగ్గు, దాని పక్కనే మూత వదులైన వక్కపొడి డబ్బా! గాలిలో ఏ ఆవిరి ఉన్నా మింగేసే బొగ్గు పక్కన పచ్చకర్పూరం డబ్బాను తానే తీసుకెళ్లి పెట్టి, గాలి చొరకుండా గ్రీజు పూసి మరీ బిగించాడు. తన శిష్యుడెవడైనా ఈ పని చేసి ఉంటే చెవి మెలిపెట్టి ఉండేవాడు. తనకు మాత్రం అది పచ్చకర్పూరమని, లవంగనూనె అని, అదీ ఒక రసాయనమేనని ఒక్కనాడూ తట్టలేదు. అది జ్ఞానాంబ డబ్బా, అంతే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు ఏడాదంతా వెతికాడు.

మర్నాడు పొద్దున్నే వెళ్లి గురువుకు చెప్పాడు. డబ్బా ఊసెత్తలేదు. "ఏదో కర్పూరం లాంటి ఆవిరి పట్టింది సార్ బొగ్గుకు" అన్నాడు.

"కర్పూరమా! ల్యాబులో హారతి ఇచ్చావేమయ్యా?" అని కృష్ణమూర్తి గారు విరగబడి నవ్వారు. "పోనీలే, బతికిపోయాం. ఫర్నేసులో పెట్టి కాల్చెయ్, అంతా ఎగిరిపోతుంది, బొగ్గు మళ్లీ పుట్టినప్పటి బొగ్గవుతుంది. ఇవాళే చెయ్యి."

చెయ్యవలసిందే. రెండోమాట లేదు. కానీ ఏకాంబరం ఆ రోజు చెయ్యలేదు. ఆ మర్నాడూ చెయ్యలేదు.

ఎందుకంటే వాసన ఎక్కడికీ పోలేదు. ఉంది, ఆ బొగ్గులోనే ఉంది. గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏ వాసనా రాదు, ఉత్త నల్లటి పొడి. పట్టుకున్నదాన్ని అంత గట్టిగా పట్టుకుంటుంది బొగ్గు. కానీ ప్రపంచంలో జ్ఞానాంబ చేతి కొలత మిగిలింది ఇక అక్కడొక్కచోటే. కాల్చకుండా ఉంచుకుంటే అది ఉంటుంది గానీ ఆయనకు ఎన్నటికీ అందదు. కాలిస్తే అందుతుంది, ఒక్కసారి, కాసేపు. ఆ తర్వాత ఇక లేదు. కాల్చకపోతే థీసిసు లేదు. ఆమెను ఇంట్లో ఒంటరిగా వదిలేసి ల్యాబులో గడిపిన సాయంత్రాలన్నిటికీ అర్థం లేదు. ఎటు చూసినా నష్టమే. సలహా అడగడానికి మనిషి లేడు. అడిగితే మాత్రం ఏమంటారు? పిచ్చి ముదిరిందంటారు.

"ఇంకా కాల్చలేదా? నీకేమైనా మతిపోయిందా?" అని ప్రొఫెసరు వరండాలో అందరి ముందూ కేకలేశారు. "డిసెంబరు ఆఖరుకు నేను సంతకం పెట్టాలంటే నీ అంకెలు ఈ నెలలో నా బల్ల మీద ఉండాలి. లేదంటే చెప్పు, ఇప్పుడే చేతులు కడుక్కుంటాను."

ఆ ఆదివారం మధ్యాహ్నం ఏకాంబరం ల్యాబుకు వెళ్లాడు. పిట్ట లేదు. డెసికేటరు మూత జరిపాడు, గిన్నెలోని బొగ్గంతా మట్టి మూసలో పోసి మూత పెట్టాడు. గిన్నె అంచుకు అంటిన నుసిని కూడా కుంచెతో దులిపి వేశాడు. ఫర్నేసులో పెట్టాడు. ఆవిరి బయటకు పోవడానికి గోడకు పెద్ద ఫ్యాను ఉంది, ఫర్నేసు వెలిగిస్తే దాన్ని వేయాలన్నది నియమం. కాలేజీ పిల్లలకు ఆ నియమం వందసార్లు చెప్పిన మనిషి, ఆ రోజు ఫ్యాను వేయలేదు. కిటికీలు ఒక్కొక్కటే గడియలు పెట్టి వచ్చి, స్టూలు ఫర్నేసు ముందుకు లాక్కుని కూర్చున్నాడు.

వేడి ఎక్కుతూ పోయింది. చాలాసేపు వేడి ఇనుము వాసనే. తర్వాత సన్నగా యాలకుల వాసన తగిలింది, అది వచ్చీరాగానే పోతున్నట్టయింది. ఆ వెనక కర్పూరం గుప్పుమంది. గుడి ముందు అంగట్లో నిలబడ్డట్టు ఉంది, అంతే. ఇదేనా? ఇందుకేనా ఇన్నాళ్లు దాచింది? దేనికది విడివిడిగా, బజారులో పొట్లాలు విప్పినట్టు! చెయ్యి పోయాక దినుసులే మిగిలాయని వదిన చెప్పనే చెప్పింది. స్విచ్చి మీదికి చెయ్యి పోయింది, ఆర్పేద్దామా అని.

అప్పుడు లవంగం లేచింది. మూసిన గదిలో ముందు వచ్చినవి ఎక్కడికీ పోలేదు, అక్కడే గాలిలో ఉన్నాయి. యాలకులు, కర్పూరం, లవంగం మూడూ ఒకదాంట్లో ఒకటి కలిశాయి, ఆ కొలతలో, ఇంకెవరికీ రాని ఆ కొలతలో. ఏకాంబరం స్టూలు మీద నుంచి లేచి నిలబడ్డాడు. ఎవరైనా పెద్దమనిషి గదిలోకి వస్తే లేచినట్టు లేచాడు, ఎందుకు లేచాడో ఆయనకే తెలియదు.

తలుపు కిర్రుమంది. చేత్తో చీపురు, బకెట్టు పట్టుకుని తాయమ్మ గుమ్మంలో నిలబడింది. ముక్కుపుటాలు ఎగరేసింది. ముఖం విప్పారింది.

"అమ్మ వొచ్చిందా సామీ?" అంది, లోపలికి తొంగి చూస్తూ.

అన్న మరుక్షణం నాలిక కరుచుకుంది. పాడె వెంట శ్మశానం మలుపు దాకా నడిచి ఏడ్చిన మనిషే ఆవిడ. "అయ్యో, నా నోరు పడిపోను! ఏందో వాసనొస్తే... నోటికొచ్చేసె సామీ, తప్పయిపోయ."

ఏకాంబరానికి ఏడాదిగా రాని ఏడుపు వచ్చింది. ముఖం తిప్పుకోను కూడా లేదు.

"తప్పేం లేదు తాయమ్మా. వొచ్చింది. ఇంగ కొంచేపు ఉంటుంది. కూసో" అన్నాడు.

తాయమ్మ బకెట్టు కింద పెట్టి, "తలుపు ఏసేదా సామీ? పోతాదేమో" అంది. ఆయన తలూపాడు. తలుపు దగ్గరికి వేసి, గడప పక్కనే చతికిలబడింది. "సెయ్యి సాచినానంటే సాలు, ఇంత పెట్టేది మా తల్లి. 'ఇంట్లో నీ మొగుడికి గూడా తీసుకోబో' అని ఇంగింత పెట్టేది. ఆయప్ప పండ్లు లేనోడు, మెత్తగా ఉండాదని సప్పరిస్తా కూసునేవాడు" అని చెప్పుకుపోయింది. చెబుతూ చెబుతూ కుడిచెయ్యి తనకు తెలియకుండానే చాచింది. ఏకాంబరం వింటూ ఉన్నాడు. ఏడాది తర్వాత జ్ఞానాంబ గురించి ఒకరు మాట్లాడుతుంటే వింటున్నాడు. ఫర్నేసు చల్లారేదాకా ఇద్దరూ అట్లాగే ఉన్నారు. అప్పటికి గదిలో వేడి తప్ప ఏమీ లేదు. తాయమ్మ లేచి కిటికీలు తీసి, కళ్లు తుడుచుకుని ఊడ్చుకోవడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత అంతా చకచకా జరిగిపోయింది. కాలిన బొగ్గుతో కలిపిన మందుల పరీక్షలు మళ్లీ చేశాడు. మొదట కట్టిన సమీకరణమే, తోకలేమీ లేనిది, చాలింది. చుక్కలన్నీ వచ్చి గీత మీద కూర్చున్నాయి. కృష్ణమూర్తి గారు గ్రాఫును వెలుతురుకు పట్టుకుని చూసి, ఏకాంబరం వీపు మీద ఒక్క చరుపు చరిచారు.

"సాధించావయ్యా! ఇక్కడెందుకు నిలబడ్డావు? పో, పోయి ముందు ఇంట్లో చెప్పు!"

సంబరంలో ఆయన మరిచిపోయారు. గుర్తొచ్చి ముఖం చిన్నబోయింది. "సరే సార్" అన్నాడు ఏకాంబరం, ఆ మాత్రానికి ఆయన్ను నొప్పించడం ఎందుకని. డెసికేటర్లో ఇక పని లేని పాలపొడి డబ్బాను సంచిలో వేసుకుని సైకిలెక్కాడు.

తాళం తీశాడు. దీపం వేశాడు. వంటింటి గడపలో నిలబడి, "సరిపోయింది జ్ఞానాంబా" అన్నాడు పైకే. కప్పు మీద బల్లి తప్ప పలికినవాళ్లు లేరు. సంచిలోంచి డబ్బా తీసి మూత లేపాడు. వాసన లేదు, ఉండదని తెలుసు. వాసన తరిగిపోతుందేమోనని ఏడాదిగా ఒక్క చిటికెడు కూడా తినకుండా దాచాడు. ఇక దాచి ఏం చేసుకోవాలి? ఇంత తీసి నోట్లో వేసుకున్నాడు.

చప్పటి వక్క. పన్ను సలిపే వైపు నమలకుండా అలవాటుగా నాలుకతో ఇవతలికి తోసుకోబోయాడు, తోయడానికి ఏమీ లేదు. ఒక్క పలుకు కూడా తగల్లేదు, పిండిలాగా కరిగిపోయింది. అవతలి గదిలో లాగరిథం పట్టికలు చూసుకుంటూ తాను విసుక్కున్న ఆ చప్పుడు, మళ్లీ దంచి మళ్లీ జల్లించిన ఆ చప్పుడు, అంతా నోట్లోనే ఉంది. ఏకాంబరం వంటింటి గోడకు ఆనుకుని కూర్చుని, ఇంకో చిటికెడు వేసుకున్నాడు.